కనిపెట్టుకుని ఉండే ఊరు

2021 జనవరిలో న్యూజిలాండ్‌లోని డునెడిన్ నగరపాలక సంస్థ సముద్రపు ఒడ్డు రోడ్డునొకదాన్ని నెల రోజుల పాటు మూసేసింది. వరద రాలేదు, కొండచరియలు విరిగిపడలేదు. పక్కనున్న గోల్ఫ్ మైదానంలో ఒక సీ లయన్ పిల్లను కన్నది, అంతే. పిల్లను పొదల చాటున ఉంచి, తల్లి రోడ్డు దాటి సముద్రంలోకి వేటకు పోతోంది, పాలివ్వడానికి మళ్లీ అదే రోడ్డు దాటి వస్తోంది. ఆ రాకపోకల్లో ఏ కారు కిందైనా పడుతుందేమోనని జాన్ విల్సన్ ఓషన్ డ్రైవ్ మీద బండ్లే ఆపేశారు.

ఇంత పట్టింపు ఎందుకో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. వేటగాళ్ల దెబ్బకు ఈ జంతువు న్యూజిలాండ్ ప్రధాన దీవుల మీద పూర్తిగా తుడిచిపెట్టుకుపోయింది. దక్షిణాన ఎక్కడో మంచుగాలుల మధ్య ఉన్న చిన్న దీవుల్లోనే మిగిలింది. నూటయాభై ఏళ్లకు పైగా ప్రధాన దీవుల మీద ఒక్క కాన్పు కూడా లేదు. 1993లో ఒక ఆడది డునెడిన్‌కు దక్షిణంగా, టైయెరి నది సముద్రంలో కలిసే చోటికి వచ్చి పిల్లను పెట్టింది. జనం దానికి ‘మమ్’ అని పేరు పెట్టుకున్నారు. ఇవాళ ఆ తీరంలో తిరిగే సీ లయన్లలో చాలా వాటికి అదే మూలపుటమ్మ. ఇసుకలో కదలకుండా పడుకుని ఉంటే దుంగ అనుకుని దగ్గరికి వెళ్లేవాళ్లుంటారు. కనీసం ఇరవై మీటర్లు ఎడంగా ఉండాలన్నది అక్కడి నియమం. బీచికి బయల్దేరే ప్రతి కొత్త మనిషికీ ఎవరో ఒకరు ఈ మాట చెప్పి పంపుతారు.

అలాంటి ఊరు డునెడిన్. సౌత్ ఐలాండ్ ఆగ్నేయ తీరంలో, క్రైస్ట్‌చర్చ్ నుంచి బస్సులో ఆరు గంటల దూరంలో ఉంటుంది. జనాభా సుమారు లక్షా ముప్పై వేలు. అందులో ఇరవై వేల దాకా ఒటాగో విశ్వవిద్యాలయం విద్యార్థులే. వీపున సంచీ వేసుకుని దేశాలు తిరిగే కుర్రకారు ఇక్కడికి రెండు కారణాలతో వస్తారు. విద్యార్థుల ఊరు కాబట్టి తిండి, బస కాస్త చౌకలో దొరుకుతాయి. అరగంటో ముప్పావుగంటో ప్రయాణం చేస్తే ఆల్బట్రాస్‌లు, పెంగ్విన్లు ఉంటాయి. ఈ రెండూ పక్కపక్కనే ఉండటం కాకతాళీయమని మొదట అనిపిస్తుంది. ఊరు తిరిగే కొద్దీ ఆ అభిప్రాయం మారుతుంది.

ఊరు పుట్టింది 1848లో. స్కాట్లాండ్ ఫ్రీ చర్చి వాళ్లు జాన్ విక్లిఫ్, ఫిలిప్ లెయింగ్ అనే రెండు ఓడల్లో వచ్చి దిగారు. వాళ్ల పాస్టరు థామస్ బర్న్స్, స్కాట్లాండ్ మహాకవి రాబర్ట్ బర్న్స్ తమ్ముడి కొడుకు. అందుకే ఊరి నడిబొడ్డున, ఆక్టగాన్ అనే ఎనిమిది పలకల కూడలిలో ఆ కవి విగ్రహం కూర్చుని ఉంటుంది. కొత్త ఊరు ఎడిన్‌బరోలా ఉండాలని పటం గీయించుకున్నారు, వీధుల పేర్లూ అక్కడివే తెచ్చుకున్నారు. 1861లో గాబ్రియెల్ రీడ్ అనే మనిషికి లోపలి కొండల్లో బంగారం దొరికింది. ఆ తర్వాత కొన్నేళ్లలోనే దేశంలోకెల్లా పెద్ద నగరం ఇదే అయింది. చేతిలో డబ్బు ఆడగానే ఆ మతనిష్ఠాపరులు చేసిన ముఖ్యమైన పని విశ్వవిద్యాలయం పెట్టడం. 1869లో నెలకొల్పి 1871లో తరగతులు ప్రారంభించారు. న్యూజిలాండ్‌లో మొదటి విశ్వవిద్యాలయం ఇదే. ఆ బంగారం డబ్బుతో నల్లరాతి భవనాలెన్నో లేచాయి గానీ, అంతటి దూరాలోచన మరే కట్టడంలోనూ కనిపించదు.

లీత్ అనే చిన్న ఏరు క్యాంపస్ మధ్య నుంచి పారుతుంది. దాని గట్టున గడియార స్తంభంతో పాత భవనం, నల్లటి బసాల్టు రాతి గోడలు, అంచుల్లో తెల్లటి ఓమరూ సున్నపురాయి. లోపలికి వెళ్లడానికి ఎవరినీ అడగక్కర్లేదు. గేట్లు లేవు, గుర్తింపు కార్డు చూపించమనే కాపలాదారూ లేడు. ఎండ కాసిన రోజున గడ్డి మీద విద్యార్థులు, వాళ్ల మధ్య సంచీలు దించుకున్న బాటసారులు కలిసిపోయి ఉంటారు. 1896లో ఎమిలీ సీడెబర్గ్ ఇక్కడే చదివి దేశంలో వైద్య పట్టా అందుకున్న మొదటి మహిళ అయింది. మరుసటి ఏడాదే ఎథెల్ బెంజమిన్ న్యాయశాస్త్రంలో అదే ఘనత సాధించింది. క్యాంపస్ దాటి ఉత్తరానికి నడిస్తే కాజిల్ స్ట్రీట్ వస్తుంది. విద్యార్థులు అద్దెకుండే పాత చెక్క ఇళ్లు బారులు తీరి ఉంటాయి. ఒక్కో ఇంటికీ ఒక్కో చిలిపి పేరు. బోర్డు రాసి గుమ్మం పైన కొట్టి ఉంటుంది. అద్దెకున్నవాళ్లు మారినా ఇంటి పేరు మారదు. చలికాలంలో ఆ ఇళ్లు లోపల కూడా చలిగానే ఉంటాయి, ఆ చలి గురించి చెప్పుకోని పూర్వ విద్యార్థి ఉండడు.

ఈ విశ్వవిద్యాలయం చేస్తున్న ఒక పని గురించి ఇక్కడ ఆగి చెప్పాలి. 1972 ఏప్రిల్‌కీ 1973 మార్చికీ మధ్య ఈ ఊళ్లో పుట్టిన పిల్లల్లో 1,037 మందిని పరిశోధకులు మూడేళ్ల వయసులో ఒక అధ్యయనంలో చేర్చుకున్నారు. అప్పటి నుంచి వదల్లేదు. కొన్నేళ్లకొకసారి పిలిపిస్తారు. రక్తం, పళ్లు, ఊపిరితిత్తులు, జ్ఞాపకశక్తి, సంసారం, సంపాదన, దిగులు అన్నీ నమోదు చేస్తారు. ఎవరు ఏ దేశంలో స్థిరపడ్డా విమానం టికెట్టు కొనిచ్చి మరీ రప్పిస్తారు. నలభై అయిదో ఏట జరిపిన పరీక్షకు, బతికున్నవాళ్లలో 94 శాతం మంది వచ్చారు. చిన్నప్పుడు తమను తాము అదుపులో పెట్టుకోగలిగిన పిల్లలు పెద్దయ్యాక ఆరోగ్యంలోనూ డబ్బు విషయంలోనూ మెరుగ్గా ఉంటారని ప్రపంచానికి గట్టి లెక్కలతో చూపించింది ఈ అధ్యయనమే. శాస్త్రం పేరు చెప్పి ఒకసారి కొలిచి వదిలేసేవాళ్లు ఎక్కడైనా ఉంటారు. అర్ధశతాబ్దం పాటు ఆ వెయ్యిమంది వెంటే ఉండటానికి ఓపిక కావాలి, ఆ ఓపికను భరించే ఊరూ కావాలి. ఊరిని ఆనుకుని ఉన్న ద్వీపకల్పం చివర ఉన్న పక్షుల కథ ముందుముందు వినేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకుంటే మంచిది.

ఊళ్లో టూర్లకు కొదవ లేదు. 1906లో తెరిచిన రైల్వే స్టేషనుకైతే టూరు కూడా అక్కర్లేదు, తలుపు తోసుకుని వెళ్లడమే. హాల్లో నేల మీద ఇంచుమించు ఏడున్నర లక్షల చిన్న చిన్న మింటన్ పలకలు పరిచారు. వాటి మధ్య రైలింజన్ బొమ్మలు. పైన మెట్లెక్కి చూస్తే రంగుల అద్దాల కిటికీల్లో దీపాలు వెలిగించుకుని ఎదురుగా వస్తున్న ఇంజన్లు. ఈ ఊరికి రోజువారీ ప్రయాణికుల రైళ్లు ఆగిపోయి చాలా కాలమైంది. ఇప్పుడు టైయెరి లోయ లాంటి చోట్లకు విహార రైళ్లు మాత్రమే నడుస్తాయి. అయినా స్టేషను కళ తప్పలేదు. శనివారం పొద్దున పక్కనే రైతుబజారు జరుగుతుంది, ఊరంతా అక్కడే కనిపిస్తుంది. ఈ ప్రాంతపు సొంత తిండి చీజ్ రోల్. చీజ్, ఉల్లిపాయ సూప్ పొడి, చిక్కటి డబ్బా పాలు కలిపి రొట్టె ముక్క మీద పూసి, చుట్టి, వెన్న రాసి కాలుస్తారు. శాకాహారులకూ ఇబ్బంది లేని వంటకమే, సూప్ పొడిలో ఏముందో ఒకసారి అడిగితే చాలు.

స్పైట్స్ బ్రూవరీ 1876 నుంచి ఉంది. లోపల చూపించే టూరుకు టికెట్టు పెట్టారు. గోడకు బయట వీధి వైపున్న కుళాయిలో మాత్రం భూమిలోంచి ఊరే నీళ్లు ఉచితంగా వస్తాయి. ఊరివాళ్లు డబ్బాలు తెచ్చుకుని పట్టుకుపోతారు, బాటసారులు సీసాలు నింపుకుంటారు. ఉత్తరపు శివారులో బాల్డ్విన్ స్ట్రీట్ ఉంది. ప్రపంచంలోకెల్లా నిటారు వీధిగా దానికి గిన్నిస్ గుర్తింపు ఉంది. 2019లో ఆ బిరుదు వేల్స్‌లోని హార్లెక్‌కు పోయి, మరుసటి ఏడాదే తిరిగొచ్చింది. కొలతలు సరిచూసి తిరిగి తెచ్చుకున్నది ఈ ఊరివాళ్లే. బాగా నిటారుగా ఉన్న చోట మూడడుగులు ముందుకు వేస్తే అడుగు పైకి లేచినట్టే. ఎండకు తారు కిందికి జారిపోతుందని పై భాగమంతా కాంక్రీటు వేశారు. ఎక్కేటప్పుడు ఆయాసం ఒకటే. దిగేటప్పుడు మోకాళ్లకు పరీక్ష.

తెలుగు పాఠకులకు మరో సంగతి. భారత క్రికెట్ జట్టు విదేశీ గడ్డ మీద మొట్టమొదటి టెస్టు గెలిచింది ఈ ఊళ్లోనే. 1968 ఫిబ్రవరిలో, కారిస్‌బ్రుక్ మైదానంలో, అయిదు వికెట్ల తేడాతో. కెప్టెన్ పటౌడీ, అప్పటికి రంజీల్లో హైదరాబాద్ ఆటగాడు. రెండో ఇన్నింగ్స్‌లో ప్రసన్న ఆరు వికెట్లు తీశాడు, వాడేకర్ రెండుసార్లూ అర్ధసెంచరీ దాటాడు. ఆ సిరీస్ కూడా మనదే అయింది. ఇప్పుడా మైదానం లేదు. కొత్త స్టేడియం క్యాంపస్‌కు దగ్గర్లో కట్టారు. పాత క్రికెట్ అభిమానులెవరైనా డునెడిన్ వెళ్తే ఆ చోటు వెతుక్కుని ఒకసారి నిలబడి రావాలి.

ఇక ద్వీపకల్పం. ఊరి నుంచి కొస దాకా ముప్పై కిలోమీటర్లకు అటూ ఇటూ. ఒక పక్క హార్బరు నీళ్లు, ఇంకో పక్క గొర్రెలు మేసే పచ్చటి కొండలు, మధ్యలో నీటి అంచునే మెలికలు తిరిగే రోడ్డు. సిటీ బస్సు పోర్టొబెల్లో అనే పల్లె వైపు పోతుంది గానీ ఆల్బట్రాస్‌ల దాకా తీసుకెళ్లదు. అందుకే బ్యాక్‌ప్యాకర్లు నలుగురు కలిసి కారు అద్దెకు తీసుకుంటారు, లేదంటే వ్యాను టూరు ఎక్కుతారు.

ఆ రోడ్డు పక్కన రాళ్లు పేర్చి కట్టిన గోడలను చూసీచూడనట్టు దాటిపోకూడదు. నార్త్ ఐలాండ్‌లోని తారనాకి ప్రాంతం నుంచి మావోరీ ఖైదీలను రెండు విడతలుగా ఇక్కడికి తెచ్చారు. 1869లో వచ్చిన మొదటి విడత యుద్ధంలో పట్టుబడినవాళ్లు. రెండో విడత 1879లో. వాళ్లు పరిహాకా గ్రామస్థులు. తమ భూమిని ప్రభుత్వం లాక్కుంటే తె ఫిటి, తోహు అనే పెద్దల మాట మీద ఆయుధం పట్టకుండా, ఆ భూమిలోకి వెళ్లి నాగళ్లతో దున్నారు. అదే వాళ్ల నిరసన. వాళ్లలో చాలామందిని విచారణ కూడా లేకుండా నిర్బంధించి ఓడల మీద దక్షిణానికి పంపారు. ఆ చలిలో వాళ్ల చేత హార్బరు చుట్టూ రోడ్లు, గోడలు కట్టించారు. కొందరు తిరిగి వెళ్లలేదు, ఇక్కడి మట్టిలోనే కలిశారు. ఆండర్సన్స్ బే దగ్గర వాళ్ల పేర తారనాకి నుంచి తెచ్చిన స్మారక శిల ఉంది. వ్యాను డ్రైవరు ఆపకపోతే ఆపమని అడగాలి. ఈ తీరపు అందం చెప్పే ప్రతి కరపత్రం మీదా ఆ మనుషుల మాట ఉండాలి.

కొసన ఉన్న తైయరోవా హెడ్ గాలి కొండ. ఒకప్పుడు మావోరీల కోట, 1880లలో రష్యా ఓడలు వస్తాయన్న భయంతో ఫిరంగి దించిన స్థావరం. పేల్చగానే గుంటలోకి దిగిపోయే ఆనాటి ఆర్మ్‌స్ట్రాంగ్ ఫిరంగి ఇప్పటికీ అక్కడే ఉంది. ఆ కొండ గడ్డి మీదే నార్తర్న్ రాయల్ ఆల్బట్రాస్‌లు గూళ్లు పెడతాయి. రెక్కలు చాస్తే మూడు మీటర్లుండే ఈ పక్షులు బతుకంతా సముద్రం మీదే గడిపి, గుడ్డు పెట్టడానికి మాత్రమే నేల మీదికి వస్తాయి. అవి ఎంచుకునేవి మనిషి మసలని దీవులు. ఒక ఊరి పొలిమేరల్లో ఆల్బట్రాస్‌లు పిల్లల్ని పెంచే చోటు ఇదొక్కటే.

అవి ఇక్కడ నిలదొక్కుకోవడం వెనక ఒక బడి పంతులున్నాడు. పేరు లాన్స్ రిచ్‌డేల్. ఈ ఒటాగో ప్రాంతపు బళ్లలో వ్యవసాయం నేర్పేవాడు. సెలవు రోజుల్లో పక్షుల్ని చూడటం ఆయన పని. 1920ల నుంచీ ఈ కొండ మీద అప్పుడప్పుడు గుడ్లు కనిపిస్తున్నా ఒక్క పిల్లా దక్కలేదు. గుడ్లు ఎత్తుకుపోయేవాళ్లు, రాళ్లు విసిరేవాళ్లు, కుక్కలు, ముంగిసల్లాంటి ఫెరెట్లు. రిచ్‌డేల్ గూడు దగ్గరే గుడారం వేసి కాపలా కూర్చున్నాడు. 1938లో మొదటిసారిగా ఒక పిల్ల పెరిగి, రెక్కలొచ్చి ఎగిరిపోయింది. ఆయన 1937లో ఒక ఆడపక్షి కాలికి గుర్తు పట్టీ వేశాడు. ‘గ్రాండ్‌మా’గా పేరు మోసిన ఆ పక్షి 1989 దాకా ఏళ్ల తరబడి వచ్చి పిల్లల్ని పెంచింది. అప్పటికి దానికి అరవై ఏళ్లు దాటి ఉంటాయని అంచనా. ఆ పట్టీ వేసి, లెక్క రాసుకుని, తరవాతి తరానికి అప్పగించినవాళ్లే లేకపోతే అడవి పక్షి అన్నేళ్లు బతుకుతుందని ఎవరికీ తెలిసేది కాదు.

ఇప్పుడు ఆ కాపలా రేంజర్లది. నవంబరులో గుడ్డు పెడితే తల్లీ తండ్రీ వంతులు వేసుకుని సుమారు ఎనభై రోజులు పొదుగుతాయి. పొదిగే పక్షి కింద నుంచి గుడ్డు తీసి, బదులు ఉత్తుత్తి గుడ్డు పెట్టి, అసలుదాన్ని ఇంక్యుబేటరులో ఉంచుతారు. పిల్ల బయటికొచ్చాక తిరిగి గూట్లో పెడతారు. గుడ్డు పగిలేటప్పుడు ఈగలు పిల్ల మీద గుడ్లు పెట్టి చంపేస్తాయి, ఈ పద్ధతిలో ఆ గండం తప్పుతుంది. ఎండ ముదిరిన రోజుల్లో గూళ్ల మీద స్ప్రింక్లర్లతో నీళ్లు చిమ్ముతారు. చల్లటి గాలికి అలవాటుపడ్డ ఈ పక్షులు వేడిని తట్టుకోలేవు. పిల్లల్ని క్రమం తప్పకుండా తూకం వేస్తారు, బరువు తగ్గితే చేపలు తినిపిస్తారు. సెప్టెంబరు వచ్చేసరికి పిల్ల ఎగిరిపోతుంది. మళ్లీ నేల మీద కాలు పెట్టేది నాలుగైదేళ్ల తర్వాతే, అదీ ఎక్కువగా తాను పుట్టిన ఈ కొండ మీదే.

సందర్శకులు చూసేది అద్దాల గదిలోంచి. ఆగస్టులో వెళ్తే గడ్డిలో పెద్ద దూది మూటలా పిల్ల కూర్చుని ఉంటుంది. బరువులో తల్లిని మించిపోయి, ముక్కు టకటకలాడిస్తూ తిండి కోసం ఎదురుచూస్తుంటుంది. ప్రశాంతమైన రోజున వెళ్లినవాళ్లు నిరాశపడతారు. ఇంత పెద్ద పక్షి గాలి లేకపోతే లేవలేదు. మబ్బు పట్టి, టోపీలు ఎగిరిపోయే మధ్యాహ్నమే మంచి సమయం. అప్పుడు కొండ అంచు మీదుగా వచ్చే ఆల్బట్రాస్ ఒక్కసారి కూడా రెక్క ఆడించదు. భుజం దగ్గర రెక్కను చాచినట్టే బిగించి ఉంచే స్నాయువు ఉంటుంది కాబట్టి దానికి శ్రమ తెలియదు. గైడు మాట సగంలో ఆపేస్తాడు. సెప్టెంబరు మధ్య నుంచి నవంబరు చివరి దాకా, జతలు కట్టి గూళ్లు వేసుకునే కాలంలో, ఆ అద్దాల గది మూసేస్తారు. ఎంత దూరం నుంచి వచ్చినా తెరవరు. అలా మూయడమే సబబు.

చీకటి పడ్డాక అదే కొండ కింద పైలట్స్ బీచి దగ్గర చిన్న నీలి పెంగ్విన్లు ఒడ్డుకొస్తాయి. బరువు కిలో, ఎత్తు ముప్పై సెంటీమీటర్లకు కాస్త అటూ ఇటూ. పగలంతా వేటాడి, గుంపులుగా ఈదుకొచ్చి, రాళ్లెక్కి, చెక్క తిన్నె మీద ఊపిరి బిగబట్టి నిలబడ్డ మనుషుల కాళ్ల కింది నుంచి పొదల్లోని పెట్టెగూళ్లకు చేరతాయి. డిసెంబరులో ఇక్కడ రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుతురు ఉంటుంది. ఊరికి తిరిగొచ్చేసరికి అర్ధరాత్రి కావస్తుంది, హాస్టల్లో తాళం చెవి సంగతి ముందే మాట్లాడుకోవాలి. కెమెరా ఫ్లాషులు నిషిద్ధం.

మూడో పక్షి హొయిహొ, పసుపు కళ్ల పెంగ్విన్. దీని సంగతి కష్టంగా ఉంది. అయిదు డాలర్ల నోటు మీద ఎడ్మండ్ హిల్లరీకి రెండో వైపున ఉండేది ఇదే. 2024లో దేశమంతా ఓటేసి ‘బర్డ్ ఆఫ్ ది ఇయర్’గా ఎన్నుకున్నదీ దీన్నే. అయినా ప్రధాన దీవుల తీరాల్లో జంటలు రెండు వందలు కూడా లేవు. గొప్ప బిడియం దీనికి. గూడు కూడా ఇంకో పెంగ్విన్ కంటపడని చాటున పెట్టుకుంటుంది. ఒడ్డున ఒక్క మనిషి నిలబడి ఉన్నా నీళ్లలోంచి బయటికి రాకుండా ఆగిపోతుంది, ఆ సాయంత్రం గూట్లో పిల్లలకు తిండి ఉండదు. సముద్రం వేడెక్కి చేపలు తగ్గాయి. వలలు, ఫెరెట్ల లాంటివే అయిన స్టోట్లు, కుక్కలు, వాటికి తోడు రోగాలు. పిల్లల నోట్లో పుళ్లు పుట్టించే డిఫ్తీరియా ఒకటి, ఊపిరాడకుండా చేసే జబ్బు మరొకటి.

2018లో ఈ ఊళ్లో వన్యప్రాణుల ఆసుపత్రి తెరిచారు. హొయిహొ పిల్లల్ని గుడ్డులోంచి వచ్చిన వెంటనే గూళ్ల నుంచి అక్కడికి తీసుకొస్తారు. అరచేతిలో పట్టే పిల్ల నోరు తెరిపించి పుళ్లు శుభ్రం చేస్తారు, మందు వేస్తారు, చేప గుజ్జు పెడతారు, కొద్దిరోజులకు మళ్లీ తల్లిదండ్రుల దగ్గర వదులుతారు. డునెడిన్‌లో పుట్టిన ఎల్లో ఐడ్ పెంగ్విన్ ట్రస్టు 1987 నుంచి తీరపు భూములు సంపాదించి చెట్లు నాటి, బోనులు పెట్టి స్టోట్లను పడుతోంది. హారింగ్టన్ పాయింట్ దగ్గర ఒక గొర్రెల రైతు 1984లోనే తన పొలంలో కొంత భాగం ఈ పక్షులకు వదిలేశాడు. పైకప్పు వేసిన కందకాలు తవ్వి, మనుషులు వాటిలో వంగి నడుస్తూ సన్నటి సందుల్లోంచి చూసే ఏర్పాటు చేశాడు. అదే పెంగ్విన్ ప్లేస్. అక్కడి సంరక్షణ సాగేది టూరు టికెట్ల డబ్బుతోనే.

చేతిలో డబ్బు ఒక్క టూరుకే ఉన్న బ్యాక్‌ప్యాకరు ద్వీపకల్పం మీదున్న లార్నక్ కోట వదిలేసినా, విహార రైలు వదిలేసినా నష్టం లేదు. కోట రాతితో కట్టింది, వచ్చే యాత్రకైనా అక్కడే ఉంటుంది. ఆ డబ్బు హొయిహొ టికెట్టుకు పెట్టాలి. కనిపిస్తుందన్న హామీ ఎవరూ ఇవ్వరు. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు గూళ్లలో పిల్లలుంటాయి కాబట్టి, వేటకు పోయిన పెద్దవి సాయంత్రానికి మేత తెచ్చుకుని ఒడ్డుకొస్తాయి. మధ్యాహ్నం చివరి వ్యానుకు బయల్దేరితే ఆ వేళకు కందకంలో ఉండొచ్చు.